మంచు హాకీ: స్టేడియానికి రాని అభిమాని

వ్యాససంగ్రహం: ఉత్తర అమెరికాలో మంచు హాకీని ప్రాణంగా ప్రేమించే అభిమానులలో అత్యధికులు ఆటను ఇంట్లోనే చూస్తారు. దీనికి టెలివిజన్‌ను నిందించడం పరిపాటి. ప్రసార చరిత్రను, టికెట్ ధరలను, స్టేడియాల స్థలనిర్ణయాన్ని, చికాగో జట్టు అనుభవాన్ని పరిశీలించి ఆ నింద ఎంతవరకు నిలుస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మంచు హాకీ, ప్రేక్షకుడు, శ్రోత, ప్రసారం, సీజన్ టికెట్, కెనడా.

1. ప్రవేశిక

హాకీ అనగానే తెలుగు పాఠకుల మనసులో మెదిలేది మైదానపు హాకీ, ధ్యాన్‌చంద్ పేరు, ఒలింపిక్ పతకాలు. కెనడాలోనూ అమెరికాలోని ఉత్తర రాష్ట్రాలలోనూ ఏ విశేషణమూ లేకుండా ‘హాకీ’ అంటే మంచు హాకీయే. గడ్డకట్టిన నీటి పలక మీద, అడుగున ఉక్కు అంచు బిగించిన బూట్లు తొడుక్కొని, గోల్‌రక్షకునితో కలిపి జట్టుకు ఆరుగురు చొప్పున ఆడే ఆట ఇది. బంతికి బదులు మూడంగుళాల వ్యాసం, అంగుళం మందం ఉన్న నల్లని రబ్బరు బిళ్ళ ఉంటుంది. దాన్ని ‘పక్’ అంటారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు, వాటి నడుమ రెండు విరామాలు. మొత్తం మీద ఒక ఆట ముగియడానికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది.

ఈ ఆటకు ప్రధాన వేదిక 1917లో మాంట్రియల్‌లో ఏర్పడిన నేషనల్ హాకీ లీగ్. ఇప్పుడు అందులో 32 జట్లు ఉన్నాయి. వాటిలో 25 అమెరికావి, 7 కెనడావి. 1995–96 నుండి, ఆటంకాలు ఏర్పడిన కొన్నేళ్ళు మినహాయిస్తే, ఒక్కో జట్టు సీజన్‌కు 82 ఆటలు ఆడుతూ వచ్చింది. వాటిలో 41 సొంత ఊరి ఆటలు.

“హాకీ అభిమానులు స్టేడియానికి ఎందుకు రావడం లేదు?” అన్న ప్రశ్న తరచుగా వినబడుతుంది. అయితే ఈ ప్రశ్నను ఉన్నదున్నట్టుగా స్వీకరించడానికి వీలు లేదు. 2022–23 సీజన్‌లో లీగ్ ఆటలకు నమోదైన ప్రేక్షకుల సంఖ్య 2 కోట్ల 20 లక్షలు దాటింది. లెక్కల ప్రకారం స్టేడియాలు నిండే ఉన్నాయి. కాని లీగ్ ప్రకటించే ఈ సంఖ్య చేతులు మారిన టికెట్ల సంఖ్య. ద్వారం దాటి వచ్చిన మనుషుల సంఖ్య కాదు. టికెట్ అమ్ముడుపోవడం, మనిషి రావడం, వచ్చిన మనిషి ఆ జట్టు అభిమాని కావడం మూడూ వేరు వేరు విషయాలు. కాబట్టి ఎందరు రావడం లేదన్న దానికంటే ఎవరు రావడం లేదన్నది అడగవలసిన ప్రశ్న.

2. ప్రేక్షకుడు కాకముందు శ్రోత

అభిమాని ఇంట్లో కూర్చోవడం కొత్తగా పుట్టిన జాడ్యం అనుకోవడం చారిత్రకంగా సరికాదు. 1942 నుండి 1967 వరకు ఈ లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లు. కెనడాకు దక్కినవి రెండు, మాంట్రియల్, టొరంటో. పశ్చిమ తీరంలోని వాంకూవర్ నుండి టొరంటోకు మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం. వాంకూవర్‌కు లీగ్ జట్టు వచ్చింది 1970లో. అంటే పాతికేళ్ళపాటు ఆ దేశంలో అత్యధికులకు స్టేడియానికి వెళ్ళడం అన్న అవకాశమే లేదు. అయినా ఆట దేశమంతటా పాకింది. ఎలా పాకింది?

జవాబు రేడియో. ఫాస్టర్ హ్యూయిట్ అనే యువ వార్తాహరుడు 1923లో టొరంటోలో హాకీ వ్యాఖ్యానం ప్రారంభించాడు. 1931 నవంబరులో మేపుల్ లీఫ్ గార్డెన్స్ స్టేడియం తెరిచినప్పుడు అతని కోసం మంచు పలకకు సుమారు 56 అడుగుల ఎత్తున, కప్పు కింద వేలాడే ఒక గూడు కట్టారు. శనివారం రాత్రి ఆ గూటి నుండి వచ్చే గొంతు కోసం గోధుమ పొలాల నడుమ ఇళ్ళలోనూ, గని పట్టణాలలోనూ కుటుంబాలు రేడియో చుట్టూ చేరేవి. తెలుగులో ‘ప్రేక్షకుడు’ అన్న పదంలో చూపు ఉంది, ‘శ్రోత’ అన్న పదంలో వినికిడి ఉంది. కెనడా హాకీ అభిమాని ప్రేక్షకుడు కావడానికి ముందు శ్రోత. కంటికి కనబడని ఆటను చెవితో కట్టుకొని, మనసులో నడిపించుకున్నవాడు.

సాహిత్యంలోనూ దీనికి సాక్ష్యం ఉంది. క్విబెక్ రచయిత రాక్ కారియే 1979లో వెలువరించిన ‘ది హాకీ స్వెటర్’ కథ కెనడాలో చదవనివారు అరుదు. 1940ల నాటి ఒక పల్లెలో పిల్లలందరూ మాంట్రియల్ వీరుడు మోరీస్ రిషార్ తొడిగే 9వ సంఖ్య చొక్కానే తొడుగుతారు. ఒక పిల్లవాడికి మాత్రం తపాలాలో పొరపాటున టొరంటో చొక్కా వస్తుంది. కథ అంతా ఆ అవమానం చుట్టూ తిరుగుతుంది. ఆ కథలో బడి, చర్చి, ఊరి మంచు మైదానం ఉన్నాయి. మాంట్రియల్ స్టేడియం మాత్రం లేదు. దాని అవసరం కూడా ఆ పిల్లలకు కలగదు. స్టేడియం ముఖం చూడని భక్తి ఈ ఆటలో మొదటి నుండీ ఉన్నదే.

1952లో టెలివిజన్ వచ్చింది. అక్టోబరులో మాంట్రియల్ నుండి ఫ్రెంచిలో, నవంబరులో టొరంటో నుండి ఇంగ్లీషులో ప్రసారాలు మొదలయ్యాయి. జట్ల యజమానులకు ఆనాడే భయం పట్టుకుంది. ఆట మొదలైన చాలాసేపటికి గాని తొలినాళ్ళ ప్రసారం ఆరంభమయ్యేది కాదు. మొదటి భాగం చూడాలంటే టికెట్ కొనవలసిందే. ఇంట్లో పూర్తిగా చూపిస్తే ఎవరూ రారన్న అనుమానం ఆ ఏర్పాటు వెనుక ఉంది. ఆ అనుమానం మరో అరవై ఏళ్ళ వరకు ఏదో ఒక రూపంలో బతికే ఉన్నది.

3. తెర ఏం చూపిస్తుంది?

నిజానికి టెలివిజన్‌కు హాకీ చాలాకాలం లొంగలేదు. పక్ చిన్నది, దాని వేగం గంటకు నూటయాభై కిలోమీటర్లను దాటగలదు. పాత చదరపు తెర మీద, మసక బొమ్మలో, కొత్తగా చూసేవారికి అది కనబడేదే కాదు. 1996 జనవరిలో ఫాక్స్ సంస్థ దీనికొక విచిత్రమైన మందు కనిపెట్టింది. పక్ లోపల పరికరాలు అమర్చి, తెర మీద దాని చుట్టూ నీలి కాంతి వలయం కనబడేలా చేశారు. గట్టిగా కొట్టినప్పుడు వెనుక ఎర్రని తోక వచ్చేది. పాత అభిమానులు దీన్ని ఏవగించుకున్నారు. 1998 తరువాత అది మాయమైంది. పక్ ఎక్కడుందో చూసి కాదు, ఆటగాళ్ళ ఒళ్ళు ఎటు వాలుతుందో చూసి తెలుసుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. ఎర్రని తోక ఆ విద్యను అనవసరం చేస్తుందని వారి కోపం.

తరువాతి దశాబ్దంలో వెడల్పాటి స్పష్టమైన తెరలు వచ్చి ఆ సమస్యను నిశ్శబ్దంగా తీర్చివేశాయి. మంచు పలక 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది. పొడవాటి ఆ ఆకారానికి కొత్త తెర పాత తెర కంటే బాగా అమరింది. వంద డాలర్లు పెట్టి స్టేడియం పైవరసలో కూర్చున్నవారికంటే సోఫాలో కూర్చున్నవారికి పక్ బాగా కనబడే రోజు వచ్చింది. గోల్ పడిందా లేదా అన్న సందేహం వస్తే ఇంట్లోవారు నాలుగు కోణాలలో చూస్తారు. స్టేడియంలో ఉన్నవారు మెడ ఎత్తి పెద్ద తెర కోసం వెతుక్కోవాలి.

ఇక్కడ ఒక వింత ఉంది. టెలివిజన్ వాణిజ్య ప్రకటనల కోసం లీగ్ ఆటలో ఒక్కో భాగానికి మూడేసి సార్లు ఆట ఆపుతారు. ఇంట్లో ఉన్నవారు ఆ సమయంలో వంటింట్లోకి వెళ్ళి వస్తారు. డబ్బు పెట్టి వచ్చినవారు చెవులు చిల్లులుపడే సంగీతం వింటూ, ఏమీ జరగని మంచు వైపు చూస్తూ కూర్చుంటారు. ఇంటి ప్రేక్షకుని కోసం కల్పించిన ఖాళీని స్టేడియం ప్రేక్షకుడు భరిస్తున్నాడన్నమాట.

అయినంత మాత్రాన తెర అన్నిటా మిన్న అనడానికి లేదు. కెమెరా పక్ వెంట పరుగెత్తుతుంది. పక్‌కు దూరంగా జరిగేదంతా దానికి కనబడదు. నలభై, యాభై సెకన్లకొకసారి ఆటగాళ్ళు కంచె దాటి మారే తీరు, దాడి మొదలుకాకముందే రక్షకుడు ఒక అడుగు వెనక్కి వేయడం, గోల్‌రక్షకుడు తనలో తాను గొణుక్కుంటూ కమ్మీలను తాకి చూసుకోవడం, ఇవన్నీ స్టేడియంలోనే కనబడతాయి. ఉక్కు అంచు మంచును కోసే చప్పుడు, ఒళ్ళు కంచెకు తగిలినప్పుడు లేచే అదురు మైక్రోఫోన్‌లో సగమే వస్తాయి. తెర పక్‌ను చూపిస్తుంది, స్టేడియం ఆటను చూపిస్తుంది. ఇది తెలిసిన అభిమాని కూడా ఇంట్లోనే ఉంటున్నాడంటే కారణం బొమ్మ నాణ్యతలో మాత్రమే వెతకకూడదు.

4. ధర, దూరం

అసలు కారణాలు ఇక్కడ ఉన్నాయి. నలుగురున్న కుటుంబం ఆటకు వెళ్ళాలంటే టికెట్లతో అయిపోదు. కారు నిలపడానికి రుసుము, లోపల తిండికి బయటి ధర కంటే అనేక రెట్లు, పిల్లవాడికి చొక్కా లేదా టోపీ. పైగా ఎక్కువ ఆటలు పనిదినాల రాత్రులలో ఉంటాయి. మరునాడు బడి ఉన్న పిల్లవాడిని పది దాటాక ఇంటికి చేర్చాలి. గిరాకీని బట్టి టికెట్ ధర రోజురోజుకూ మారే పద్ధతి వచ్చాక ప్రత్యర్థి గొప్ప జట్టయితే, శనివారమయితే ధర ఎగబాకుతుంది. అంటే చూడదగిన ఆటే చూడలేనిదవుతుంది.

కెనడా జట్లకు ఇంకో చిక్కు ఉంది. అవి టికెట్లను కెనడా డాలర్లలో అమ్ముతాయి, ఆటగాళ్ళకు జీతాలు అమెరికా డాలర్లలో ఇస్తాయి. మారకపు విలువ పడిపోయినప్పుడల్లా ఆ భారం ఎవరో ఒకరు మోయాలి. 1990లలో దాన్ని మోయలేక రెండు నగరాలు జట్లను పోగొట్టుకున్నాయి. 1995లో క్విబెక్ సిటీ జట్టు డెన్వర్‌కు, 1996లో విన్నిపెగ్ జట్టు ఫీనిక్స్‌కు తరలిపోయాయి. క్విబెక్‌వారికి మరింత బాధ కలిగించిన విషయం, వెళ్ళిన మొదటి ఏడాదే ఆ జట్టు స్టాన్లీ కప్ గెలవడం.

విన్నిపెగ్ కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పదిహేనేళ్ళ ఎదురుచూపు తరువాత 2011లో అట్లాంటా జట్టు అక్కడికి వచ్చింది. 13,000 సీజన్ టికెట్లు అమ్మగలిగితేనే నగరం నిలబెట్టుకోగలదన్నారు. వాటిని ఊరు చూస్తుండగానే కొనేసింది. లీగ్‌లోని అతి చిన్న స్టేడియాలలో ఒకటి, పదిహేను వేల పైచిలుకు కుర్చీలు, ఏళ్ళ తరబడి కిటకిటలాడింది. 2023 నాటికి సీజన్ టికెట్లు పదివేల లోపుకు పడిపోయాయి. ఆ ఊరి ప్రేమ చల్లారిందా? చల్లారిందనడానికి ఆధారం కనబడదు. మహమ్మారి కాలంలో ఇంట్లో చూసే అలవాటు స్థిరపడింది. సరుకుల ధరలు పెరిగాయి. నలభైకి పైగా ఆటల సొమ్ము ఒకేసారి కట్టడం సామాన్య గృహస్థుకు బరువైంది. టొరంటో వంటి మహానగరంలో ఆ లోటును కంపెనీలు పూడుస్తాయి. విన్నిపెగ్‌లో అలాంటి కంపెనీలు తక్కువ. అక్కడ కుర్చీ ఖాళీ అయితే ఖాళీగానే కనబడుతుంది.

టొరంటోలో ఖాళీ వేరే రకంగా కనబడుతుంది. ఆ జట్టు 1967 తరువాత కప్ గెలవలేదు. అయినా టికెట్లు లీగ్‌లోని అత్యంత ఖరీదైనవాటిలో ఉంటాయి, సీజన్ టికెట్ కోసం నిరీక్షణ జాబితా దీర్ఘంగా ఉంటుంది. మంచుకు దగ్గరగా ఉన్న మేలిరకం కుర్చీలు చాలావరకు వ్యాపార సంస్థలవి. విరామం ముగిసి రెండో భాగం మొదలైనా ఆ వరసలు సగం ఖాళీగా ఉండడం టెలివిజన్‌లో చూసేవారందరికీ పరిచితమైన దృశ్యం. కుర్చీ యజమానులు లోపలి భోజనశాలలో మాట్లాడుకుంటూ ఉంటారు. అసలు అభిమాని ఇంట్లో కూర్చొని ఆ ఖాళీ కుర్చీలను చూసి పళ్ళు కొరుకుతాడు.

దూరం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఒట్టావా జట్టు స్టేడియం 1996లో నగరం నడిబొడ్డుకు ఇరవై కిలోమీటర్లకు పైగా దూరాన కనాటాలో తెరిచారు. జనవరి రాత్రి మంచులో, ఒకే రహదారి మీద, వేల కార్ల నడుమ తిరుగు ప్రయాణం ఎంత ఇష్టమున్నవారినైనా ఆలోచనలో పడేస్తుంది. ఫీనిక్స్ జట్టు 2003లో పడమటి శివారు గ్లెన్‌డేల్‌కు వెళ్ళింది. దాని అభిమానులలో పెద్ద భాగం తూర్పు వైపున ఉండేవారు. 2009లో ఆ జట్టు దివాలా ప్రకటించింది. 2022 నుండి సుమారు ఐదు వేలమంది పట్టే విశ్వవిద్యాలయ స్టేడియంలో తలదాచుకుంది. 2023లో టెంపీ నగర ఓటర్లు కొత్త స్టేడియాన్ని తిరస్కరించారు. 2024లో జట్టు సాల్ట్ లేక్ సిటీకి వెళ్ళిపోయింది. ఎడారిలో హాకీ ఎవరు చూస్తారని ఎగతాళి చేయడం తేలిక. కాని పని ముగించుకొని సాయంత్రపు రద్దీలో నగరాన్ని అడ్డంగా దాటవలసిన మనిషిని అడిగితే జవాబు వేరుగా ఉండేది.

5. చికాగో చెప్పిన సమాధానం

ప్రసారమే స్టేడియాన్ని చంపుతుందన్న వాదాన్ని పరీక్షించడానికి చికాగో జట్టు ఒక అపూర్వమైన అవకాశం ఇచ్చింది. దాని యజమాని బిల్ విర్ట్జ్ సొంత ఊరి ఆటలను స్థానిక టెలివిజన్‌లో చూపించడానికి దశాబ్దాలపాటు ఒప్పుకోలేదు. డబ్బు పెట్టి సీజన్ టికెట్ కొన్నవారికి అది అన్యాయమని అతని వాదన. పైకి న్యాయంగానే తోస్తుంది. ఫలితం ఏమైంది? ఇరవై వేల పైచిలుకు పట్టే స్టేడియానికి 2006–07లో సగటున పన్నెండు వేల పైచిలుకు మాత్రమే వచ్చారు. ఇంట్లో చూడలేకపోయిన పిల్లలు ఆ జట్టు పేర్లే ఎరుగకుండా పెరిగారు. ఎరుగని ఆటగాడి కోసం టికెట్ కొనేవారు ఎవరు?

2007 సెప్టెంబరులో విర్ట్జ్ మరణించాడు. కుమారుడు రాకీ పగ్గాలు అందుకొని ఆ సీజన్‌లోనే కొన్ని ఆటలను, మరుసటి సీజన్ నుండి అన్నిటినీ చూపించడం మొదలుపెట్టాడు. 2008–09లో సగటు ప్రేక్షకుల సంఖ్య 22 వేలు దాటి లీగ్‌లో మొదటి స్థానానికి చేరింది. 2010లో జట్టు 1961 తరువాత తొలిసారి కప్ గెలిచింది.

దీనికంతటికీ ప్రసారమే కారణమనడం అతిశయోక్తి. జోనథన్ టేవ్స్, పాట్రిక్ కేన్ అనే ఇద్దరు యువకులు అదే 2007లో జట్టులో చేరారు. గెలుపు జనాన్ని తెస్తుంది. అయితే ఒక్క విషయం నిస్సందేహంగా తేలింది. ఇంట్లో ఉచితంగా చూపించడం వల్ల స్టేడియం ఖాళీ కాలేదు. తలుపు మూసినప్పుడు పలచబడిన జనం, తలుపు తెరిచాక కిక్కిరిశారు. ఇంట్లో చూడడం స్టేడియానికి పోటీ కాదు. అది స్టేడియానికి దారి. ఆ దారి చివర ఉన్న ద్వారం ఎంత ఇరుకుగా ఉన్నదన్నదే అసలు విషయం.

భాష కూడా ఆ దారిలో ఒక మెట్టు. 2008లో కెనడాలో హాకీ వ్యాఖ్యానం పంజాబీలో కూడా మొదలైంది. 2016 కప్ పోటీలలో ఆ వ్యాఖ్యాత హర్‌నారాయణ్ సింగ్ ఒక గోల్‌కు ఆటగాడి పేరును పదేపదే పలుకుతూ చేసిన ఆనందఘోష దేశమంతటా ప్రసిద్ధమైంది. మంచు ఎరుగని నేల నుండి వెళ్ళిన తాతలు మనవలతో కలిసి ఆట చూసేది ఆ ముందుగదిలోనే.

6. ఖాళీ స్టేడియంలో జనఘోష

2020 మార్చి 12న మహమ్మారి కారణంగా లీగ్ ఆగిపోయింది. ఆగస్టులో టొరంటో, ఎడ్మంటన్ నగరాలలో ఒక్క ప్రేక్షకుడూ లేకుండా మళ్ళీ మొదలైంది. ఆటగాళ్ళు ఉన్నారు, కెమెరాలు ఉన్నాయి, బొమ్మ మునుపటంత స్పష్టంగా ఉంది. అభిమానులందరూ ఇంట్లోనే ఉన్నారు. తెర చాలునని వాదించేవారి కోరిక అక్షరాలా తీరిన సందర్భమది. కాని ఆ నిశ్శబ్దాన్ని ప్రసారకర్తలు భరించలేకపోయారు. హాకీ వీడియో గేమ్ కోసం సిద్ధం చేసి ఉంచిన జనఘోషను తెచ్చి ప్రసారంలో కలిపారు. గోల్ పడినప్పుడు లేచే కేక ఏ గొంతులోనుండీ రాలేదు.

ఇంటి ప్రేక్షకుడు చూసేది ఆటను మాత్రమే కాదని అప్పుడు తెలిసింది. ఆటను చూసి ఉద్రేకపడే మరికొన్ని వేలమందిని కూడా అతను చూస్తున్నాడు, వింటున్నాడు. హ్యూయిట్ కాలం నుండీ రేడియోలో గొంతు వెనుక వినబడిన హోరు అదే. ఆ హోరును పుట్టించేది భోజనశాలలో కూర్చున్న కుర్చీ యజమాని కాదు. పైవరసలో, చొక్కా తొడుక్కొని, పిల్లవాడిని భుజాన ఎక్కించుకున్న మనిషి. అతనే ఇప్పుడు ధరకు వెరచి ఇంటికి పరిమితమవుతున్నాడు. లీగ్‌కు ప్రసార హక్కుల రాబడి పెద్దదే. 2013లో రోజర్స్ సంస్థతో కుదిరిన పన్నెండేళ్ళ ఒప్పందం విలువ 520 కోట్ల కెనడా డాలర్లు. కాని ఆ సంస్థ కొనుక్కున్న సరుకులో ఈ మనిషి అరుపు కూడా ఉంది. అతని పేరున ఆ ఒప్పందంలో ఒక కుర్చీ అయినా లేదు.

టొరంటోలో ప్లేఆఫ్ రోజులలో స్టేడియం బయటి ఆవరణలో పెద్ద తెర కడతారు. టికెట్ కొనలేనివారు వేల సంఖ్యలో అక్కడ నిలబడి చూస్తారు. 2013లో తొమ్మిదేళ్ళ తరువాత ఆ జట్టు ప్లేఆఫ్‌కు చేరింది. మే 13న ఏడో ఆట బోస్టన్‌లో జరిగింది. ఆటగాళ్ళు మరో దేశంలో ఉన్నారు. ప్రతి ఇంట్లోనూ టెలివిజన్ ఉంది. అయినా ఆ సాయంత్రం జనం ఇళ్ళు వదిలి ఆ స్టేడియం గోడ పక్కకు వచ్చి నిలబడ్డారు. మూడో భాగంలో 4–1తో ముందున్న తమ జట్టు అదనపు సమయంలో 5–4తో ఓడిపోవడాన్ని భుజాలు రాసుకుంటూ, కలిసి చూశారు.